వేరుశనక్కాయ కూజా అడుగున ఏముంది

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ అమ్మమ్మ దీవించి రాయునది.

మొన్న వీడియో కాల్‌లో నా వెనక అద్దాల బీరువాలో కూజాలు చూసి, "అమ్మమ్మా, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇన్నెందుకు?" అని అడిగారు. ఫోన్‌లో చెబితే రెండు ముక్కల్లో తేలిపోతుందని ఉత్తరం రాస్తున్నా.

అవి ఒకేలా లేవురా. ఒక్కటంటే ఒక్కటి లేదు.

అవన్నీ పూల్ అనే ఊళ్ళో చేసినవి. ఇంగ్లండ్ దక్షిణ తీరాన డోర్సెట్‌లో ఉంటుంది ఆ ఊరు. 1873లో జెస్సీ కార్టర్ అనే ఆయన అక్కడి రేవు పక్కన ఒక పాటరీ కార్ఖానా కొన్నాడు. కూజాలు, గిన్నెలు చేసే విభాగానికి 1921లో కార్టర్, స్టేబ్లర్ అండ్ ఆడమ్స్ అని పేరు పెట్టారు గానీ, జనం నోట్లో అది పూల్ పాటరీయే. మీ తాతయ్య డాక్టరు ఉద్యోగం వల్ల 1970లలో మేం ఆ వైపు చేరాం. చలికి ఇంట్లో ముడుచుకు కూచునే నాకు మొదట నచ్చిన రంగులు ఆ కూజాల మీదివే.

నేను ఎక్కువగా పోగుచేసింది 1950లవి. యుద్ధం రోజుల్లో, 1942లో, బ్రిటన్ ప్రభుత్వం స్వదేశంలో రంగులు వేసిన పాత్రలు అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. రంగులవి పై దేశాలకు పోయేవి, ఇళ్ళకు తెల్లవి మిగిలేవి. 1952లో ఆ ఆంక్ష ఎత్తేశారు. పదేళ్ళు తెల్ల గిన్నెల్లో తిన్నవాళ్ళకు రంగు కనబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! సరిగ్గా ఆ కాలంలోనే ఆల్‌ఫ్రెడ్ రీడ్ అనే డిజైనరు, సారె మీద చెయ్యి తిరిగిన గై సిడెన్‌హామ్ కలిసి కొత్త రూపాలు తీర్చారు. మీరు నవ్విన ఆ నడుము నొక్కుకున్న కూజా వాటిలోదే. సేకరించేవాళ్ళు కూడా దాన్ని పీనట్ వేజ్ అనే అంటారు, అంటే మన వేరుశనక్కాయే.

ఇప్పుడు అసలు పని ఎలా జరిగేదో చెబుతా. మట్టి పాత్రను ఒకసారి కాలుస్తారు. తర్వాత గ్లేజు, అంటే కాలిస్తే గాజులా మెరిసే పూత, కలిపిన నీళ్ళలో ముంచి తీస్తారు. ఆరాక దాని మీద తెల్లటి పొడి పూత నిలుస్తుంది, సున్నం వేసిన గోడలాగా. ఆ పచ్చి పూత మీదే కుంచెతో బొమ్మ వేయాలి. పొడి కదా, కుంచెలోని తడిని తాకీ తాకగానే పీల్చేస్తుంది. చెయ్యి ఆగితే మచ్చ పడుతుంది. తుడిచి మళ్ళీ వేద్దామంటే కింద పూత కూడా లేచి వస్తుంది. తర్వాత రెండోసారి కాలిస్తే రంగు పూతలోకి ఇంకి, అంచులు కాస్త మెత్తబడతాయి. భూతద్దం పెట్టి చూస్తే గీత ఎక్కడ మొదలైందో, కుంచెలో రంగు ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది.

ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. నమూనా ఒకటే, చేతులు వేరు. ధనుర్మాసంలో చూశారుగా, పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు అని లెక్క అందరిదీ ఒకటే. అయినా మీ పెద్దమ్మ తిప్పిన మెలికా, ఎదురింటావిడ తిప్పిన మెలికా వీధి చివరి నుంచే తెలిసిపోవూ? ఇదీ అంతే.

ముగ్గు మీద పేరుండదు. వీళ్ళకు మాత్రం ఒక గుర్తు ఉండేది. కూజా తిరగేస్తే పూల్ అన్న ముద్ర, రూపానికి ఒక అంకె, నమూనాకు కొన్ని అక్షరాలు, పక్కన ఆ అమ్మాయి కుంచెతో పెట్టుకున్న చిన్న గుర్తు కనిపిస్తాయి. అక్షరమో, గీతో, చుక్కో. ముద్ర ఆకారం మారుతూ వచ్చింది కాబట్టి ఏ కాలానిదో కూడా దాన్నిబట్టే పోల్చుకుంటాం. నాకు మటుకు డిజైనరు పేరు కన్నా ఆ చిన్న గుర్తే ముఖ్యం. బీరువాలో ఒకే గుర్తున్నవి నాలుగు దొరికాయి. ఆ పిల్ల నిలువు గీతలు కిందికొచ్చేసరికి కొంచెం కుడికి ఒరుగుతాయి, నాలుగింటి మీదా.

కొనడంలో నేనూ దెబ్బతిన్నాను. ఒక దుకాణంలో "చిన్న గీత కూడా లేదు" అని చెప్పి నాకొక కూజా అమ్మారు. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళలో కడుగుతుంటే మెడ దగ్గర రంగు పొరలా ఊడి చేతికొచ్చింది. విరిగిన మెడ అతికించి పైన రంగు పూశారన్నమాట. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటినుంచి అంచు చుట్టూ వేలికొస తిప్పనిదే ఏదీ కొనలేదు. అతుకు ఉన్నచోట నునుపు మారుతుంది. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేది. అదీ చేస్తాను. బాగున్నది ఖంగుమంటుంది, పగులున్నది బొంగురు పోతుంది. పూత మీద సాలెగూడులా సన్నటి బీటలుంటే మాత్రం నేను వద్దనను, అది వయసు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ పాత పూతల్లో సీసం ఉండవచ్చు. అందులో పచ్చడి గానీ మజ్జిగ గానీ పోయకూడదు.

రేవు మీది ఆ కార్ఖానా ఇప్పుడు లేదు. అక్కడి పాత్రలు చూడాలంటే ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి.

సెలవులకు వచ్చినప్పుడు బల్ల మీద ఒకే నమూనా కూజాలు రెండు పెడతాను. తిరగేయకుండా, గీతలు మాత్రమే చూసి, ఒక చేతివో రెండు చేతులవో మీరు చెప్పాలి. తర్వాత అడుగు చూద్దాం.

ఆశీస్సులతో,
అమ్మమ్మ