కణం: బొమ్మలో ఉన్నదంతా స్లైడులో ఉండదు (అపోహలు - వాస్తవాలు)

అపోహ: మొక్క కణానికి కణకవచం, జంతు కణానికి ప్లాస్మాపొర.

కణద్రవ్యాన్ని చుట్టి ఉండే పలుచని ప్లాస్మాపొర లేని జీవకణమే లేదు. మొక్కల్లో అది కణకవచానికి లోపలివైపు అతుక్కుని ఉంటుంది కాబట్టి మామూలు స్లైడులో విడిగా కనబడదు. చూడాలంటే ఎర్ర ఉల్లిగడ్డ రేకు బయటివైపున్న ఊదారంగు పొర తీయండి. లోపలి పొర తేలిగ్గా ఊడొస్తుంది గానీ దానికి రంగుండదు. నీటిబొట్టులో ముడతలు లేకుండా పరిచి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి సూదితో మెల్లగా దించండి. టక్కున పడేస్తే గాలిబుడగలు చేరతాయి. నల్లటి అంచున్న ఆ బుడగలనే కణాలనుకుని బొమ్మ గీసేవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్ స్లిప్ ఒక పక్కన చుక్క వేసి, రెండో పక్క నుంచి వడపోత కాగితంతో నీటిని పీల్చండి. కొద్ది నిమిషాల్లో లోపలి రంగు ముద్ద ముడుచుకుని కణకవచాన్ని వదిలేస్తుంది. కణకవచం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముడుచుకున్న ఆ ముద్దకు హద్దుగా ఉన్నదే ప్లాస్మాపొర. మంచినీళ్లు పంపితే మళ్లీ ఉబ్బుతుంది. ఉబ్బలేదంటే కణం చచ్చిపోయినట్టే: ఉప్పు ఎక్కువైంది, లేదా చాలాసేపు ఉంచేశారు. ఉడికించిన ఉల్లిపొర అసలు ముడుచుకోదు, ఎందుకంటే వేడికి ప్లాస్మాపొర పాడై రంగంతా బయటికి కారిపోతుంది.

అపోహ: మొక్కలకు హరితరేణువులు, జంతువులకు మైటోకాండ్రియా.

మొక్కలకు రెండూ ఉంటాయి. వెలుగు సోకని వేళ్లు శ్వాసక్రియకు ఆధారపడేది మైటోకాండ్రియా మీదే. ఉల్లిగడ్డ పొరలో హరితరేణువుల కోసం మాత్రం వెతక్కండి. వాటికి హైడ్రిల్లా ఆకు ఉండనే ఉంది, రంగు వేసే పని కూడా లేదు.

అపోహ: కేంద్రకం లేకపోతే అది బ్యాక్టీరియానే.

మన ఎర్ర రక్తకణం ఎదిగే దశలోనే కేంద్రకాన్ని వదిలించుకుంటుంది. కోడి, కప్ప రక్తకణాల్లో అది ఉంటుంది. బ్యాక్టీరియాను కేంద్రకపూర్వ కణం అనడానికి కారణం వేరు: డీఎన్ఏ చుట్టూ పొర ఎప్పుడూ ఉండదు. రైబోజోములూ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే రేణువులు) తేడాయే, బ్యాక్టీరియావి 70ఎస్, మన కణద్రవ్యంలోవి 80ఎస్ (ఎస్ అంటే గిర్రున తిప్పినప్పుడు రేణువు ఎంత వేగంగా అడుక్కు దిగుతుందో చెప్పే కొలత). టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు పనిచేసేది ఈ తేడా మీదే.

అపోహ: మంచి మైక్రోస్కోపుంటే రైబోజోములు కనిపిస్తాయి.

కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపగలిగేది సుమారు 0.2 మైక్రోమీటర్ల (200 నానోమీటర్ల) వరకే. రైబోజోమ్ 20-30 నానోమీటర్లు. 100ఎక్స్ కటకం కింద ఆయిల్ వేసినా లాభం లేదు. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసిన ఉల్లిపొరకు ల్యాబ్ రికార్డులో కణకవచం, కణద్రవ్యం, కేంద్రకం, రిక్తిక (కణరసం నిండిన సంచి) గుర్తిస్తే చాలు.