కథలో నిండు కవచం, అట్ట మీద బికినీ: ఫాంటసీ యోధురాళ్ళ వెనకున్న తొంభై ఏళ్ళ గొడవ

వైట్‌ఫీల్డ్‌లో కామిక్ కాన్ (కామిక్స్, గేముల అభిమానుల జాతర) జరిగినప్పుడల్లా బెంగళూరులో ఉన్న మన తెలుగు గేమింగ్ బ్యాచుల్లో ఒక పాత వాదన మళ్ళీ లేస్తుంది. ఫాంటసీ గేముల్లో మగ యోధుడికి తల నుంచి పాదం దాకా ఇనుము తొడుగుతారు, పక్కనే నిలబడ్డ అమ్మాయికి రెండు రేకులు తగిలించి అదీ కవచమే అంటారు, ఎందుకురా ఇలా అని ఒకళ్ళంటే, "మొదట్నుంచీ అంతే బ్రో, ఫాంటసీ అంటేనే అది" అని ఇంకోడు తేల్చేస్తాడు. కానీ మొదట్నుంచీ అలా లేదు. రాసినవాళ్ళు నిండుగానే రాశారు, ఊడదీసింది అమ్ముకునేవాళ్ళు.

1934 సంగతి చూడండి. అమెరికాలో చౌక కాగితం పత్రికలు బాగా నడుస్తున్న రోజులవి. ఆ జనవరిలో, కోనన్ అనే కత్తివీరుడి కథలు రాసిన రాబర్ట్ హోవర్డ్ ఒక కథలో రెడ్ సోన్యా అనే పాత్రని తెచ్చాడు, 1529లో టర్కీ సైన్యం వియన్నాని ముట్టడించినప్పటి కథ, మాయలూ మంత్రాలూ ఏం లేవు, ఆవిడ కత్తీ పిస్తోళ్ళూ పట్టుకుని తాగుబోతు హీరోని తిడుతూనే కాపాడుతుంటుంది. అదే ఏడాది అక్టోబర్‌లో వియర్డ్ టేల్స్ పత్రికలో సి.ఎల్. మూర్ రాసిన జిరెల్ కథ వచ్చింది. మొదటి సీన్‌లోనే ఓడిపోయిన కోట సేనాపతిని బంధించి తెస్తారు, గెలిచినవాడు హెల్మెట్ తీయండి అంటాడు, తీస్తే లోపల ఉన్నది ఎర్రజుట్టు ఆడమనిషి. అంటే అప్పటిదాకా వాడికి తెలియనంత నిండుగా ఉంది ఆ కవచం.

ఇప్పుడు అదే సంచిక అట్ట చూడండి. అదే కథకి వేసిన బొమ్మ, కానీ కవచం మాయం, అరకొర బట్టల్లో ఒకమ్మాయి విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటుంటుంది. ఆ బొమ్మ వేసిన మార్గరెట్ బ్రండేజ్ కూడా ఆడమనిషే, కాబట్టి మగాళ్ళ బుద్ధే అంత అని తేల్చేయడానికీ లేదు. దుకాణంలో బొమ్మ చూసి డబ్బులు తీసేవాడి కోసం వేసిన అట్ట అది. నన్నడిగితే గొడవంతా ఇక్కడే పుట్టింది. (మూర్ అసలు పేరు కేథరిన్, బ్యాంకు ఉద్యోగి, పైసంపాదన సంగతి బ్యాంకులో తెలియకూడదని పొడి అక్షరాలతో రాసేది, హెన్రీ కట్నర్ అనే రచయిత మగాడనుకుని "మిస్టర్ మూర్" అని ఉత్తరం రాసి తర్వాత ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు, అది వేరే సినిమా.)

1973లో మార్వెల్ వాళ్ళు సోన్యాని కోనన్ కామిక్స్‌లోకి లాక్కొచ్చి రెడ్ సోంజా అని పేరు పెట్టారు, అప్పుడు కూడా గొలుసు చొక్కా ఉంది. 1974లో ఎస్తెబాన్ మరోతో అనే స్పెయిన్ ఆర్టిస్టు ఎవరూ అడక్కుండానే ఇనుప బికినీలో ఆమె బొమ్మ వేసి పంపాడు, అంతే, అదే ఫిక్స్ అయిపోయింది. హోవర్డ్ అప్పటికి చనిపోయి 38 ఏళ్ళు.

బట్టలే కాదు, బలానికీ కోత పడింది. బల్ల చుట్టూ కూర్చుని పాచికలేసి ఆడే ఫాంటసీ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1978 రూల్ బుక్కులో ఆడ పాత్రల బలానికి పై హద్దు మగవాళ్ళ కంటే తక్కువ పెట్టారు, డ్రాగన్లు నిప్పులు కక్కే లోకంలో రియలిజం గుర్తొచ్చింది ఇక్కడే. 1989 ఎడిషన్‌లో తీసేశారు.

వీడియో గేముల్లో జిరెల్ ట్రిక్కునే 1986లో మెట్రాయిడ్ మళ్ళీ వాడింది. మనం ఆడే పాత్ర ఆటంతా స్పేస్ సూట్‌లో ఉంటుంది, ఇంగ్లిష్ మాన్యువల్‌లో కూడా "అతను" అనే రాశారు, తొందరగా పూర్తి చేస్తే హెల్మెట్ తీస్తుంది, లోపల సామస్ అనే ఆడమనిషి. ఇక్కడిదాకా సూపర్. కానీ గంటలోపు పూర్తి చేస్తే ఏకంగా బికినీలో కనిపిస్తుంది. ఇది నాకు అట్ట బొమ్మ కన్నా దారుణం అనిపిస్తుంది, అట్ట అయితే బయట ఉండేది, ఇక్కడ బాగా ఆడినవాడికి ప్రైజ్ కింద ఆట లోపలే పెట్టేశారు. తర్వాత 1996లో టూంబ్ రైడర్ గేములో పొట్టి నిక్కరు హీరోయిన్ లారా క్రాఫ్ట్ వచ్చింది, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేము వచ్చింది, అందులో కొన్ని కవచాలు మగ పాత్ర తొడిగితే ఇనప ప్యాంటు, ఆడ పాత్ర తొడిగితే చెడ్డీ, డిఫెన్స్ పాయింట్లు మాత్రం సేమ్.

మన దగ్గర దారి వేరు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు, మగ వేషంలోనే పాలించింది, ఆమె మరణం గురించి చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. జానపద సినిమాల్లోనూ అంతే, రాకుమారి కత్తి పట్టాలంటే ముందు మీసం అతికించుకోవాలి. వాళ్ళు బట్టలు తీస్తే మనవాళ్ళు ఆడతనాన్నే దాచేశారు, ఏది నయమో నేను చెప్పలేను. ఈ విషయంలో కన్నడ వాళ్ళ ఒనకె ఓబవ్వ నాకు నచ్చుతుంది, చిత్రదుర్గ కోట కంతలోంచి దూరిన హైదర్ అలీ సైనికుల్ని రోకలితో కొట్టింది, చీర చీరే, రోకలి రోకలే. ఆడవాళ్ళు యుద్ధాలు చేశారా అనేవాళ్ళకి ఇంకోటి: స్వీడన్‌లోని బిర్కాలో 1878లో ఆయుధాలతో తవ్వి తీసిన వైకింగ్ సమాధిని మగాడిదే అనుకున్నారు, 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి.

బెంగళూరుకి ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ స్టూడియో ఇక్కడ మొదలైన దగ్గర్నుంచి విదేశీ గేముల ఆర్ట్ పని ఇక్కడికి వస్తూనే ఉంది, అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అవుట్‌సోర్సింగ్ పనిలో కాన్సెప్ట్ బొమ్మ అక్కడి నుంచి వస్తుంది, ఇక్కడ త్రీడీలో చెక్కడం, టెక్స్చర్ వేయడం అంతే, భుజం మీద రేకు పెంచుదామా అని అడిగే ఛాన్స్ పెద్దగా ఉండదు. నిర్ణయాలు తీసుకునే ఆ విదేశీ కంపెనీల్లో, 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ గేము వాళ్ళు ఆడ పాత్ర పెడితే యానిమేషన్లూ దుస్తులూ డబుల్ పని అన్నప్పుడు అంత రచ్చ అయింది, ఆ సిరీస్‌లోనే ముందు పనిచేసిన యానిమేటర్ ఒకాయన అది ఒకట్రెండు రోజుల పని అని తేల్చేశాడు. ఇండియాలోనే ఆలోచించి చేసినవి తక్కువ, 2020లో పుణె స్టూడియో తెచ్చిన రాజీ అనే గేములో రాజీ అనే సర్కస్ పిల్ల, దుర్గాదేవి త్రిశూలంతో తమ్ముడి కోసం రాక్షసులతో కొట్లాడుతుంది.

2011లో డార్క్ సోల్స్ అనే గేము ఎవరు తొడిగినా కవచం కవచంలాగే ఉంచింది, 2013లో లారాకి ప్యాంటు వచ్చింది, 2017లో హొరైజన్ గేములో నిండు బట్టల హీరోయిన్ ఏలాయ్ వచ్చింది, బాగానే అమ్ముడుపోయాయి. సరే సర్దుకుందిలే అనుకునేలోపు 2024లో బిగుతు డ్రెస్సుల హీరోయిన్‌తో స్టెల్లర్ బ్లేడ్ అనే గేము రిలీజైంది, అదీ బాగానే అమ్ముడుపోయింది, కాకపోతే ఈసారి పిటిషన్ పెట్టింది బట్టలు తక్కువుంటేనే బాగుందనే అవతలి గ్రూపు, ఒకట్రెండు డ్రెస్సులకి కంపెనీ కాస్త గుడ్డ అదనంగా కలిపిందని.