ఉప్పు కరిగాక మిగిలే దారులు

దెబ్బతిన్న ఎముక, మృదులాస్థి చోట కొత్త కణజాలం పెంచాలంటే కణాలకు ముందు ఒక ఆధారం కావాలి. ఆ ఆధారమే స్కాఫోల్డ్: కణాలు తమ అల్లిక తాము అల్లుకునేదాకా నిలిచి, ఆ తర్వాత కరిగిపోవాల్సిన పాలిమర్ పరంజా. 1990ల మొదట్లో ఎంఐటీలో రాబర్ట్ లాంగర్ బృందంతో పనిచేసిన ఆంటోనియోస్ మికోస్ దీని తయారీకి మామూలు ఉప్పును వాడారు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. అయినా స్కాఫోల్డ్‌లో అసలు సంగతంతా రంధ్రాలదేనని అర్థం కావాలంటే ఈ పద్ధతినే చూడాలి.

1 గ్రాము పీఎల్‌జీఏని క్లోరోఫామ్‌లో కరిగిస్తారు. కరిగిపోయే కుట్టుదారాల్లో వాడే పాలిమర్ల కుటుంబమే ఇది. జల్లెడ పట్టి 250 నుంచి 425 మైక్రాన్ల మధ్య ఏరిన ఉప్పు పలుకులు 9 గ్రాములు అందులో కలిపి, గాజు పాత్రలో పోసి ఆరనిస్తారు. మిగిలిన క్లోరోఫామ్‌ను వాక్యూమ్‌తో లాగేస్తారు. గట్టిపడిన బిళ్లను, ఉప్పు కరిగి బయటికి పోయి దాని చోట రంధ్రాలు మిగిలేలా, రెండు రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడతారు, ఆరేడు గంటలకోసారి నీళ్లు మారుస్తూ. ఉప్పు సాంద్రత 2.16, పీఎల్‌జీఏది సుమారు 1.3. అందుకే బరువులో 90 శాతం ఉప్పే అయినా చివరికి మిగిలే ఖాళీ దాదాపు 84 శాతం.

ఖాళీ ఎంతుందన్నది ఒక్కటే చాలదు. రంధ్రాలు బీరపీచులోలాగా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకోవాలి. ఉప్పు తగ్గితే పలుకులు ఒకదాన్నొకటి తాకవు. ఒక్కో పలుకు చుట్టూ పాలిమర్ పొర కమ్మేస్తుంది, నీళ్లు అక్కడిదాకా చేరవు. దీన్ని పట్టుకోవడం తేలికే: పూర్తిగా ఆరిన బిళ్ల 1 గ్రాముకంటే ఎక్కువ తూగితే లోపల ఉప్పు చిక్కుకున్నట్టే. నీటిలో ఉప్పుంటే సిల్వర్ నైట్రేట్ చుక్క వేయగానే తెల్లగా విరుగుతుంది. నానబెట్టిన నీరు అలా విరగలేదని నిశ్చింతగా ఉండకూడదు. మూసుకుపోయిన ఉప్పు ఆ నీటిలోకి రానే రాదు. పాలిమర్ పోయకముందే పలుకులను 95 శాతం తేమలో ఉంచితే అంచులు కాస్త కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అతుకులే తర్వాత దారులవుతాయి.

బిళ్ల మందం మూడు మిల్లీమీటర్లు దాటితే ఉప్పు అడుక్కి దిగుతుంది, పైన పాలిమర్ చర్మంలా కడుతుంది. మందం కావాలంటే పలుచని బిళ్లలు చేసి, అతికే ముఖాలకు క్లోరోఫామ్ రాసి ఒకదానిపై ఒకటి అతికించాలి.

కణాలు వేసే ముందు బిళ్లను ఇథనాల్‌లో ముంచి, ఆ తర్వాతే నీటిలోకి మార్చాలి. పీఎల్‌జీఏ నీటితో అంత తేలిగ్గా తడవదు. నేరుగా వేస్తే రంధ్రాల్లో గాలి నిలిచి బిళ్ల తేలుతుంది, కణాలు పైపైనే ఆగిపోతాయి. వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో మాత్రం పెట్టకూడదు. 50 డిగ్రీల దగ్గరే మెత్తబడే పదార్థం 121 డిగ్రీల ఆవిరికి కుంగిపోయి రంధ్రాలన్నీ పూడుకుపోతాయి.

ఇంత జాగ్రత్తగా చేసినా నడిమి భాగం ఆకలితోనే ఉంటుంది. ఆక్సిజన్ సరఫరా నుంచి 100, 200 మైక్రాన్లు దాటిన కణాలు బతకడం కష్టం. పైగా పాలిమర్ విచ్ఛిన్నమవుతూ వదిలే ఆమ్లం బయటికి పోలేక అక్కడే పేరుకుంటే లోపలి భాగం అంచులకంటే ముందే చివికిపోతుంది. అందుకే పోషక ద్రవాన్ని పంపుతో బిళ్ల గుండా మెల్లగా నడిపిస్తారు. వేగం మరీ పెంచితే అతుక్కున్న కణాలే ఊడి కొట్టుకుపోతాయి.