చెయిన్ లేని పెద్ద చక్రం

హన్మకొండ

పెద్దోడా, చిట్టీ,

మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. ఒంటి చక్రం మీద కూర్చున్న ఆ పిల్లవాడి తల పక్కన పోతున్న ఆటో టాపు కంటే పైన ఉంది. కింద "తాతా, నీకు చేతనవుతుందా?" అని రాశారు. నలభై ఏళ్ళు సైకిల్ టాక్సీ, అంటే అద్దె సైకిళ్ళ షాపు, నడిపిన మనిషిని అడిగే మాటేనా అది? అడిగారు కాబట్టి చేసి చూశాను. ఫోన్లో చెబుదామంటే సగం మాట కాకముందే మీ అమ్మ అందుకుని "నాన్నా, బీపీ గోలీ వేసుకున్నవా" అంటుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క. మామూలు సైకిల్‌కు కాలు ఒకచోట తిప్పితే చక్రం ఇంకోచోట తిరుగుతుంది, మధ్యలో చెయిన్ ఉంటుంది. నా పాత సైకిల్ పళ్ళు లెక్కబెట్టాను. ముందు 44, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుందన్నమాట. 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు 2.23 మీటర్లు పోతుంది. రెండూ గుణిస్తే పెడల్ చుట్టుకు ఐదున్నర మీటర్లు.

ఒంటి చక్రానికి ఈ సౌకర్యం లేదు. పెడళ్ళు నేరుగా ఇరుసుకే ఉంటాయి. కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టే. సర్కస్‌లో జోకర్ తొక్కే 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 1.6 మీటర్లు పోతుంది. అందుకే ఆయన కాళ్ళు కుట్టుమిషన్ సూదిలా ఆడుతుంటాయి గాని మనిషి అక్కడక్కడే ఉంటాడు. దూరం పోవాలంటే చక్రాన్నే పెంచాలి. 36 అంగుళాలదైతే చుట్టుకు 2.87 మీటర్లు వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు పది కిలోమీటర్లు దాటుతాం.

నా పాత సైకిల్‌తో సమానంగా పోవాలంటే ఎంత చక్రం కావాలి? అదీ లెక్కేశాను. 68 అంగుళాలు. మీ నాన్నను గోడకు నిలబెట్టి చూడండి, దాదాపు అంత! దాని మీద ఎక్కి కూర్చుంటే ఎవరి కాళ్ళూ పెడల్‌కు అందవు.

ఈ చిక్కు నూటయాభై ఏళ్ళ కిందటిది. 1870ల్లో ఇంగ్లండ్‌లో ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న సైకిళ్ళు తొక్కేవాళ్ళు. వాటికీ చెయిన్ లేదు, పెడళ్ళు ముందు చక్రం ఇరుసుకే. కొనేవాడి కాలు పొడవును బట్టి చక్రం. పొడుగు కాళ్ళవాడికి పెద్ద చక్రం, పెద్ద చక్రానికి ఎక్కువ వేగం. పొట్టివాడు ఎంత బలవంతుడైనా వెనకబడాల్సిందే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చి, చెయిన్‌తో వెనక చక్రాన్ని తిప్పేసరికి ఆ అన్యాయం తీరింది. మూడేళ్ళకు డన్లప్ గాలి టైరు కూడా వచ్చింది. ఇక పెద్ద చక్రాన్ని పట్టించుకున్నవాడు లేడు.

కింద చిన్న చక్రం, పైన ఎక్కడో సీటు, మధ్యలో చెయిన్ ఉండే జిరాఫీ రకం ఒకటుంది. అది చేయడం తేలిక. మీరడిగింది అది కాదు కాబట్టి వదిలేస్తున్నా.

28 దాటిన రిమ్ము నేను తిరిగిన ఏ షాపులోనూ లేదు. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకు పోయి 36 అంగుళాలకు ఇనుప చానెల్ వంచి ఇమ్మన్నాను. ఆ పిలగాడు టేపు పెట్టి కొలిచి, "కాకా, ఇది సైకిల్‌కా, ఎడ్లబండికా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను గాని ఆ మాట మనసులో పడింది. బండి చక్రం, సైకిల్ చక్రం చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి పని మాత్రం పూర్తిగా తిరగేసి ఉంటుంది.

బండి చక్రంలో నడుమ మొద్దు నుంచి అంచుకు పోయే కర్రలను ఆకులంటారు. అంచు చుట్టూ ఉండే వంపు చెక్కలు పూటీలు. బరువు ఇరుసు మీద పడితే కింద ఉన్న ఆకు దాన్ని మోసి నేలకు అప్పజెబుతుంది. స్తంభం పని. ఇదంతా విడిపోకుండా పైన ఇనుప పట్టా. మా చిన్నప్పుడు ఊళ్ళో పట్టా ఎక్కించే రోజు బడి ఎగ్గొట్టేవాళ్ళం. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. నలుగురు పట్కార్లతో ఎత్తి చక్రం మీద దింపి, కట్టె అంటుకునేలోపు నీళ్ళు గుమ్మరిస్తారు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది, పట్టా చల్లారుతూ ముడుచుకుంటుంది, లోపల కర్రలన్నీ కిర్రుకిర్రుమంటూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సైకిల్ పుల్ల, అంటే స్పోకు, అట్లా మోయలేదు. సన్నటి తీగ కదా, నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. దాని బలమంతా లాగడంలోనే. అందుకే పుల్లలన్నిటినీ ముందే బిగించి పెడతాం. 36 పుల్లలు 36 వైపుల నుంచి నడిమి హబ్బును లాగుతుంటాయి, అది ఎటూ కదలలేదు. మనం కూర్చున్నప్పుడు కింద ఉన్న పుల్లల బిగువు కొంచెం తగ్గుతుంది, అంతే. అది పూర్తిగా వదులైపోయిన రోజు చక్రం ఎనిమిది అంకెలా మెలి తిరుగుతుంది.

అంత పొడవు పుల్లలు దొరకవు. 3 ఎంఎం స్టీలు కడ్డీ తెచ్చి, ఒక కొస వంచి, ఇంకో కొసకు డైతో మరలు కోశాను. ఒక్కో దానికి పది నిమిషాలు పట్టింది. వంచిన కొస హబ్బు రంధ్రంలో కొక్కెంలా పడుతుంది, మర ఉన్న కొస రిమ్ము లోపల నట్టుతో బిగుస్తుంది. హబ్బు లేత్ షాపులో చేయించాను. 17 ఎంఎం ఇరుసు, దానికి పుల్లలు పట్టే రెండు బిళ్ళలు వెల్డింగ్, వాటికి అటూ ఇటూ 6203 బేరింగులు. నీళ్ళ మోటార్లకు వేసేవే. ఇరుసు చివర్లు 16కు తగ్గించి పాత సైకిల్ క్రాంకులు, అంటే పెడళ్ళను పట్టే కడ్డీలు, కాటర్ పిన్నులతో బిగించాను.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. పుల్లలన్నీ హబ్బు నుంచి రిమ్ముకు సూటిగా వేశాను, సూర్యకిరణాల్లాగ. పుల్ల పొట్టిగా చాలుతుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తే ప్రతిదీ ఒకే శ్రుతిలో టింగుమంది. బెండు తీయడం కూడా గంటలో అయిపోయింది. మన సందులో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు ఎక్కి, గోడ పట్టుకుని గట్టిగా ఒక తొక్కు తొక్కాడు. హబ్బు తిరిగింది. రిమ్ము తిరగలేదు. టిక్, టిక్, టిక్‌మని పుల్లలన్నీ ఏటవాలుగా వాలి, చక్రం పక్కకు ఒరిగింది. పిల్లవాడు కాళ్ళ మీదే దిగాడు, దేవుడి దయ.

ఎందుకైందో తెలిసిందా? మామూలు సైకిల్ ముందు చక్రం ఊరికే దొర్లుతుంది, దాని హబ్బును ఎవరూ మెలిపెట్టరు. దీని హబ్బును కాళ్ళు నేరుగా తిప్పుతాయి. సూటిగా ఉన్న పుల్లకు తిప్పే బలాన్ని అంచుదాకా చేర్చే దారి లేదు. పుల్ల హబ్బు అంచును రాసుకుంటూ ఏటవాలుగా పోవాలి. అప్పుడు ముందుకు తొక్కితే సగం పుల్లలు, వెనక్కి నొక్కితే మిగతా సగం గుంజుతాయి. 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంట్ తీసుకున్నది సరిగ్గా ఇలాంటి అల్లికకే. జాన్ కెంప్‌కు ఈయన చిన్నాన్నో పెదనాన్నో అవుతాడు. నలభై ఏళ్ళు రోజూ నా చేతుల మీదుగా పోయిన అల్లిక అది, నా సొంత చక్రానికి వచ్చేసరికి మరిచిపోయాను. ఏటవాలు పుల్ల కాస్త పొడుగుండాలి కాబట్టి కోసిన 36 పుల్లలూ దండగ. మళ్ళీ 36 కోశాను. ఈసారి ఒక్కో పుల్ల మూడింటిని దాటిపోయేలా వేస్తే కదలలేదు.

టైరుకు మందపాటి రబ్బరు పైపు వాడాను. చుట్టుకొలత కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ కోసి, లోపలి నుంచి స్టీలు తీగ దూర్చి, తీగ బిగించి మెలేస్తే పైపు ముడుచుకుని రెండు కొసలూ అతుక్కుంటాయి. సరిగ్గా కొలిచి కోస్తే మాత్రం వారానికి సందు తెరుచుకుంటుంది. గతుకుల మీద నడుం విరుగుతుంది, అది వేరే విషయం. క్రాంకులు తారుమారు చేయకండి. ఎడమ పెడల్‌ది తిరుగుడు మర, ఆ క్రాంకును కుడికి పెడితే తొక్కుతుండగా పెడల్ ఊడొస్తుంది.

ఎత్తు చూసి భయపడుతున్నారేమో. పెన్సిల్‌ను అరచేతిలో నిలబెట్టండి, వెంటనే పడుతుంది. చేతికర్రను నిలబెట్టండి, చెయ్యి జరిపే టైం దొరుకుతుంది. పొడుగుది నెమ్మదిగా ఒరుగుతుంది. ఒంటి చక్రం తొక్కడమూ అంతే, మనం ఎటు ఒరిగితే అటు చక్రాన్ని మన కిందికి తేవాలి. కష్టం బ్యాలెన్స్‌లో లేదు, ఎక్కడంలో, ఆగడంలో ఉంది. దీనికి ఫ్రీవీల్ లేదు, బ్రేకు లేదు. చక్రం తిరిగినంతసేపు కాళ్ళు తిరగాల్సిందే. ఆపాలంటే పెడల్‌ను వెనక్కి నొక్కుతూ నెమ్మది చేయాలి. ఒక్కసారిగా నొక్కితే చక్రం ఆగుతుంది, మీరు ఆగరు.

ఇప్పుడు ఆ పిల్లవాడు తెల్లారగట్ల ఖిలా వరంగల్ రోడ్డు మీద తొక్కుతున్నాడు. తోరణాల దగ్గర వాకింగ్‌కు వచ్చినవాళ్ళు సెల్ఫీలు అడుగుతున్నారట. నేను ఒక్కసారి ఎక్కాను, గోడ వదల్లేదు. ఈ మాట మీ అమ్మకు చెప్పొద్దు.

మీకు 36 కుదరదు, కారణం చెబుతా. ఇరుసు నేలకు 46 సెంటీమీటర్ల ఎత్తు, క్రాంకు పదహారున్నర. అంటే కింది పెడల్ 29 దగ్గర ఉంటుంది. చక్రం పైన ఫోర్కుకు, సీటుకు చోటు పోను సీటు 104 కంటే దిగదు. తీసేస్తే 75. కాలు అంత పొడవుంటేనే అందుతుంది. 28 చక్రానికైతే 65 చాలు. ఆ రిమ్ము అటక మీద ఉంది, హబ్బుకు లేత్ షాపులో చెప్పి ఉంచాను.

చెప్పులు విప్పి గోడకు వీపు ఆనించి నిలబడండి. కాళ్ళ మధ్య ఒక నోట్‌బుక్కు పైకి ఆనించి, దాని పై అంచు నుంచి నేలదాకా టేపుతో కొలవండి. చిట్టిది పెద్దోడు కొలవాలి, పెద్దోడిది చిట్టి కొలవాలి. అరసెంటీమీటరు కూడా కలపొద్దు, నాకు తెలిసిపోతుంది. దసరా సెలవులకు వారం ముందు పంపితే పుల్లలు కోసి ఉంచుతా.

మీ తాత