గదుల్కా: ఊరి ఫిడేలు ఆర్కెస్ట్రాలో చేరాక

గదుల్కా బల్గేరియా పల్లెల ఫిడేలు. దీన్ని భుజం మీద పెట్టుకోరు. కూర్చుంటే తొడ మీద నిలబెట్టి, నించుంటే నడుము పట్టీకి ఆనించి వాయిస్తారు. తీగల కింద వేళ్లతో అదమడానికి పలకే ఉండదు, గోటి అంచు తీగ పక్కకు తాకితేనే స్వరం పలుకుతుంది. సారంగి వాయించేవాళ్ల ఎడమచేతిని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు సంగీత పాఠశాలల్లో నేర్పే గదుల్కా బల్గేరియాలోని థ్రేస్ ప్రాంతపు రూపం. వాయించడానికి మూడు తీగలు, వాటి కింద ఎవరూ తాకకుండానే మోగే సన్న తీగలు పదికి అటూఇటూగా, శ్రుతి లా-మి-లా (పాశ్చాత్య స్వరాల పేర్లలో ఎ-ఇ-ఎ). పూర్వం ఇలా ఒకే పద్ధతి లేదు. బల్గేరియాలోనే గబ్రోవో, దొబ్రుజా ప్రాంతాల వైపు వాయిద్యం చిన్నది, శ్రుతీ వేరు. చాలామంది తమ గదుల్కాను తామే చెక్కుకునేవారు, కాబట్టి ఏ ఊరి మోత ఆ ఊరిదే.

అప్పటి వాయిద్యగాడి కమాను పాట నడిచే తీగతోపాటు పక్క తీగనూ రాసేది. ఒక్కడే వాయిస్తూ ఊరందరి చేతా హోరో (చేతులు పట్టుకుని ఆడే బృంద నృత్యం) ఆడించాలంటే వెనకాల ఆ శ్రుతి ఆగకుండా మోగాల్సిందే.

1930లలో రేడియో సోఫియా పల్లె వాయిద్యగాళ్లను స్టూడియోకి రప్పించింది. అసలు మలుపు మాత్రం 1951లో, కమ్యూనిస్టు ప్రభుత్వ హయాంలో, స్వరకర్త ఫిలిప్ కూతెవ్ ప్రభుత్వ జానపద బృందాన్ని నెలకొల్పడంతో వచ్చింది. ఆయన పల్లె పాటలకు పాశ్చాత్య పద్ధతిలో హార్మనీ, అంటే పాటతో కలిసి మోగే వేర్వేరు స్వరాలు, కూర్చాడు. కింద స్వరాలు క్షణానికోసారి మారుతుంటే, పక్క తీగ ఒకే శ్రుతి పట్టుకుని కూర్చుంటే కుదరదు. దాంతో కమాను ఒక్క తీగకే పరిమితమైంది. పది మంది ఒకేలా వినిపించాలి కాబట్టి శ్రుతీ ఒకటే అయింది. ఆర్కెస్ట్రా కోసం ఆల్టో, చెలో, బాస్ అనే పెద్ద సైజు, కింది స్థాయి గదుల్కాలు కూడా తయారయ్యాయి. ఊరి శైలిని ఎవరూ నిషేధించలేదు. ముందు పెట్టిన నోటేషన్ కాగితమే ఆ పని చేసేసింది.

1964లో ప్లోవ్‌దివ్‌లో ఉన్నత విద్యాసంస్థ, 1967లో కోతెల్‌లో జానపద సంగీత పాఠశాల వచ్చాయి. వేగం పెరిగింది, స్వరం శుభ్రపడింది. ఈ తరం నైపుణ్యాన్ని తక్కువ చేయలేం. అయినా దొబ్రుజా పాటను థ్రేస్ గదుల్కా మీద నేర్చుకుంటే మిగిలేది పాటే, ఆ ప్రాంతపు వాయింపు తీరు కాదు.

అలాగని తప్పంతా ప్రభుత్వ బృందాల మీదే వేసేయడం నాకు సబబనిపించదు. సమష్టి వ్యవసాయం, పట్నాలకు వలసలు హోరో ఆడే ఊళ్లనే ఖాళీ చేశాయి. పెళ్లి బ్యాండ్లలో క్లారినెట్, అకార్డియన్, ఆంప్లిఫయర్ల జోరు ముందు గదుల్కా ఎక్కడ ఆనుతుంది? నెల జీతం ఇచ్చి దాన్ని నిలబెట్టింది ఆ బృందాలే. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిశాక ఆ ప్రభుత్వ సొమ్ము కూడా తగ్గిపోయింది.

పాత మోత వినాలంటే కొప్రివ్‌ష్టిత్సా అనే ఊళ్లో జరిగే జానపద ఉత్సవానికి వెళ్లాలి. 1965లో మొదలైన ఈ పండుగలో పాల్గొనేది వృత్తి కళాకారులు కాదు, ఊళ్లవాళ్లే.