పాత బైకు కార్బురేటర్: ఏది బాగుచెయ్యాలి, ఏది మార్చాలి

ఇంగ్లండుకు చెందిన ఆమల్ సంస్థ 1967లో కాన్సెంట్రిక్ అనే కార్బురేటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ముందు వచ్చిన మోనోబ్లాక్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గది ఒక పక్కన ఉండేది. కాన్సెంట్రిక్‌లో దాన్ని ప్రధాన జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్క) చుట్టూ, బాడీకి సరిగ్గా అడుగున అమర్చారు. ట్రయంఫ్ బాన్విల్, నార్టన్ కమాండో మొదలైన ఆ కాలపు ప్రసిద్ధ బ్రిటిష్ మోటార్‌సైకిళ్లకు ఇదే ఊపిరి పోసింది. అర్ధశతాబ్దం దాటిన ఈ బళ్లను ఇప్పటికీ నడుపుతున్న వారికి తరచుగా ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఇంజను ఐడ్లింగులో నిలకడగా ఉండదు, ప్లగ్గు నల్లబడుతుంది, యాక్సిలరేటర్ తిప్పితే ఒక చోట తడబడుతుంది. అప్పుడు కొందరు కార్బురేటర్‌ను మొత్తంగా పారేస్తారు, మరికొందరు దొరికిన కిట్టులోని సామానంతా బిగించి అదృష్టం మీద భారం వేస్తారు. రెండూ తొందరపాటు పనులే. కార్బురేటర్‌లో ఇంధనాన్ని కొలిచే భాగాలు వేరు, వాటిని పట్టి ఉంచే బాడీ వేరు. కొలిచేవి అరిగితే మార్చాలి. బాడీని వీలైనంత వరకు బాగుచేసి కాపాడుకోవాలి.

ఈ విభజనకు కారణం తెలియాలంటే నీడిల్ జెట్టు దగ్గర మొదలుపెట్టడం మంచిది. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలి ఇరుకైన మార్గం గుండా వేగంగా దూసుకుపోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది కనుక అడుగునున్న పెట్రోలు జెట్టు గుండా పైకి లాగబడుతుంది. థ్రాటిల్ పావు వంతు నుంచి ముప్పావు వంతు వరకు తెరిచి ఉన్నప్పుడు ఎంత పెట్రోలు రావాలో నిర్ణయించేది ప్రధాన జెట్టు కాదు. ఇత్తడి నీడిల్ జెట్టు రంధ్రానికీ, అందులో కిందికీ పైకీ కదిలే నీడిల్‌కూ (సూదిలాంటి కడ్డీకి) మధ్య మిగిలిన సన్నని వలయాకారపు సందే ఆ పని చేస్తుంది.

ఆమల్ నీడిల్ జెట్టు మీద 106 అని ఉంటే దాని రంధ్రం వ్యాసం 0.106 అంగుళం, అంటే సుమారు 2.69 మిల్లీమీటర్లు. అందులో ఇమిడే నీడిల్ పైభాగం మందం రెండున్నర మిల్లీమీటర్లు అనుకుంటే వాటి మధ్య సందు వైశాల్యం 0.78 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంజను అదురుకు నీడిల్ నిరంతరం రాసుకుని ఆ రంధ్రం ఒక్క అంగుళంలో వెయ్యో వంతు పెరిగిందనుకుందాం. వ్యాసంలో పెరుగుదల ఒక శాతం కూడా లేదు. కానీ సందు వైశాల్యం 0.89కి చేరుతుంది, అంటే పెట్రోలు దాదాపు 14 శాతం ఎక్కువగా పారుతుంది. కంటికి కనబడని ఈ అరుగుదల వల్లనే, బయటికి ఏ లోపమూ లేని బండి పెట్రోలు తాగి ప్లగ్గును మసిబారుస్తుంది. పైగా రంధ్రం గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది కనుక మామూలు కొలత పరికరంతో దీన్ని పట్టుకోవడం కష్టం. అందుకే నీడిల్‌నూ నీడిల్ జెట్టునూ ఎప్పుడూ జతగా మార్చాలి. వాటి ధర తక్కువ, వాటి వల్ల కలిగే గందరగోళం చాలా ఎక్కువ.

ఐడ్లింగుకు పెట్రోలు అందించే పైలట్ జెట్టు విషయంలో కావలసింది మార్పిడి కంటే ముందు ఓపిక. కాన్సెంట్రిక్ తర్వాతి ఉత్పత్తిలో దీన్ని బాడీ లోపలే బిగుతుగా నొక్కి అమర్చారు, విప్పడానికి వీలుండదు. దాని రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటర్లు మాత్రమే. నిలవ ఉన్న పెట్రోలు ఆక్సీకరణం చెంది జిగురుగా మారినప్పుడు మొదట మూసుకుపోయేది ఇదే. ఇక్కడ చాలామంది స్టీలు తీగతో పొడుస్తారు. ఉక్కు కంటే ఇత్తడి మెత్తన కనుక రంధ్రం గీసుకుపోతుంది. 0.40 కాస్తా 0.42 అయితే ప్రవాహం పదో వంతు పెరుగుతుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లి, కాసేపు నాననిచ్చి, గాలి పీడనంతో ఊదడం సురక్షితమైన పద్ధతి. అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తే ద్రవంలో పుట్టి పేలే అతి చిన్న బుడగలు తీగ చేరలేని మలుపుల్లోని మడ్డిని కూడా ఊడబెరుకుతాయి. వెనిగర్ వంటి ఆమ్లాలను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అవి ఇత్తడిని మెరిపిస్తూనే బాడీని తినేస్తాయి, ఎందుకంటే ఆ బాడీ పోత పోసినది జింక్ మిశ్రమంతో.

ఈ మిశ్రమంలో జింక్‌తో పాటు సుమారు నాలుగు శాతం అల్యూమినియం ఉంటుంది. 380 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది కనుక ఉక్కు అచ్చుల్లో పలుచని గోడలు, సన్నని మార్గాలతో సహా సులువుగా పోత పోయవచ్చు. ఆ సౌలభ్యమే మరమ్మతులో అడ్డంకి అవుతుంది. మంట తగిలితే ఎర్రబడకుండానే ఒక్కసారిగా కూలిపోతుంది కాబట్టి మామూలు వెల్డింగు దీనికి పనికిరాదు. మరలు అరిగిపోయిన రంధ్రానికి స్టీలు తీగచుట్ట వంటి ఇన్సర్టును బిగించడమే నమ్మకమైన మార్గం. 1930కి ముందు నాటి జింక్ పోతల్లో సీసం, తగరం కలుషితాలుగా చేరి లోహపు రేణువుల మధ్య తుప్పును పుట్టించేవి. అటువంటి బాడీ ఉబ్బి పగుళ్లిస్తే దాన్ని కాపాడే ఉపాయం లేదు. అత్యంత శుద్ధమైన జింక్ వాడుకలోకి వచ్చాక ఆ జబ్బు తగ్గింది.

కాన్సెంట్రిక్ బాడీకి పట్టే అసలు జబ్బు మనుషులు తెచ్చిపెట్టేది. ఇంజనుకు ఆనుకునే ఫ్లాంజ్ (చదునైన అంచు) మధ్యలో ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఉంటుంది, రెండు చివర్లలో నట్లుంటాయి. గాలి లీకవుతోందన్న భయంతో నట్లను మరింత బిగిస్తే మెత్తని ఫ్లాంజ్ విల్లులా వంగుతుంది. దాంతో నిజంగానే గాలి చొరబడుతుంది, దాన్ని ఆపాలని మళ్లీ బిగిస్తారు. చివరికి యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారిని తెరిచే స్లైడు కదిలే గుండ్రని గొట్టం సైతం కోలగా మారి థ్రాటిల్ ఇరుక్కుపోతుంది. నడుస్తున్న బండిలో థ్రాటిల్ తెరుచుకున్న చోటే ఇరుక్కుంటే అది ప్రాణాపాయం. ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే వంపు తెలిసిపోతుంది. కొద్దిపాటి వంపైతే మందమైన అద్దం మీద సన్నని ఎమరీ కాగితం పరిచి, నూనె చుక్కలు వేసి, ఫ్లాంజ్‌ను సమంగా రుద్దితే చదును అవుతుంది. ఓ-రింగ్ గాడి లోతు తగ్గిపోకుండా మధ్యమధ్యలో కొలుస్తూ ఉండాలి. వంపు ఎక్కువగా ఉంటే రుద్దకూడదు; ముందు నెమ్మదిగా నొక్కి సరిచేసిన తర్వాతే రుద్దాలి.

స్లైడు అరుగుదల ఇంతకంటే లోతైన సమస్య. పాత కాన్సెంట్రిక్‌లలో స్లైడు, బాడీ రెండూ జింక్ మిశ్రమంతోనే చేసినవి. ఒకే జాతి లోహాలు ఒరుసుకుంటే వాటి ఉపరితలాలు అక్కడక్కడ ఒకదానికొకటి అతుక్కుని, తిరిగి చిరిగి, గీతలు పడతాయి. ఇంజను లాగే శూన్యం స్లైడును ఎప్పుడూ ఇంజను వైపుకే నొక్కుతుంది కనుక అరుగుదల ఆ పక్కనే ఎక్కువగా ఉంటుంది. దీనికి గట్టి ఆక్సైడు పొర ఎక్కించిన అల్యూమినియం స్లైడు చక్కని పరిష్కారం. లోహం మారడంతో అతుక్కునే గుణం పోతుంది. గొట్టం కూడా బాగా అరిగి ఉంటే లేత్ మీద దాన్ని పెద్దది చేసి స్లీవ్ వేయించవచ్చు. పని తెలిసిన మెషినిస్టు దొరికితేనే దానికి పూనుకోవాలి. లేదంటే, ఇప్పుడు ఆమల్ పేరుతో కార్బురేటర్లు తయారుచేస్తున్న బర్లెన్ సంస్థ వారి ప్రీమియర్ నమూనా కొనుక్కోవడమే మేలు. అందులో అల్యూమినియం స్లైడుతో పాటు విప్పదీయగలిగే పైలట్ జెట్టు కూడా ఉంది.

ఇంకా పాత కార్బురేటర్లలో ఉండే, పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే డొల్ల ఇత్తడి ఫ్లోట్‌కు సూదిమొన అంత చిల్లు పడినా అది పెట్రోలుతో నిండి మునిగిపోతుంది, బౌల్ (ఫ్లోట్ గది) పొంగిపోతుంది. చిల్లును కనిపెట్టడానికి దాన్ని వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 87 డిగ్రీలకు వేడెక్కితే పీడనం ఐదో వంతు పెరిగి, చిల్లున్న చోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలు పూర్తిగా ఆవిరై పోయిందని రూఢి చేసుకోకుండా టంకం పెట్టడం పేలుడును ఆహ్వానించడమే. టంకం కూడా అతి తక్కువగా వాడాలి. ఫ్లోట్ బరువెక్కితే అది మరింత లోతుగా మునుగుతుంది, దాంతో బౌల్‌లో పెట్రోలు మట్టం పెరిగి మిశ్రమం చిక్కనవుతుంది.

మన దగ్గర బుల్లెట్, ఎజ్డీ, ఆర్‌ఎక్స్ 100 బళ్లను ప్రాణంగా చూసుకునే వారికి ఈ సూత్రాలన్నీ వర్తిస్తాయి. వారికి అదనంగా ఇథనాల్ చిక్కు కూడా ఉంది. 2023 నుంచి మన పెట్రోలు బంకుల్లోకి వచ్చిన ఈ20 ఇంధనంలో ఐదో వంతు ఇథనాల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మితి మీరితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి బౌల్ అడుగుకు చేరుతుంది. జింక్ మీద కనిపించే తెల్లని పొడి ఆ తడి మిగిల్చిన తుప్పే. పాత రబ్బరు సీళ్లు కూడా ఉబ్బిపోతాయి కనుక బౌల్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వుకు వైటాన్ (ఇంధనాన్ని తట్టుకునే కృత్రిమ రబ్బరు) మొన ఉన్నదే ఎంచుకోవాలి. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు బౌల్‌ను ఖాళీ చేయడం ఏ మరమ్మతు కంటే చవక.

జెట్టు లెక్క కూడా మారుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 గ్రాములు చాలు. ఈ20కి అది దాదాపు 13.5 అవుతుంది. అంటే అదే గాలికి ఇంచుమించు 9 శాతం ఎక్కువ ఇంధనం పంపాలి. సెన్సర్లు లేని కార్బురేటర్ ఆ తేడాను తనంతట తాను గ్రహించలేదు. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. ఆమల్ ప్రధాన జెట్ల అంకెలు ప్రవాహాన్ని సూచిస్తాయి కనుక 220 స్థానంలో 240 వేస్తే 9 శాతం పెరుగుతుంది. అయితే ఆ మార్పును ఫ్లోట్ మట్టం, కొత్త నీడిల్ జెట్టు, గాలి లీకు లేని ఫ్లాంజ్ సరిచూసుకున్న తర్వాతే చేయాలి. జెట్టు మార్చాక కొంత దూరం పూర్తి థ్రాటిల్‌తో నడిపి, అదే వేగంలో క్లచ్ పట్టి ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి రంగు చూడాలి. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంకొంచెం పెద్ద జెట్టు, నల్లగా ఉంటే చిన్నది వేయాలి.