చిట్టి విస్తరి

చిన్నూకు, బుజ్జికి తాత ఆశీస్సులు.

ఫోన్‌లో మీరడిగిన దానికి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగంలోనే మీ అమ్మ లాక్కుంటుంది. మన చిట్టి, అదే మీరు పెంచుకుంటున్న కాకటీల్ అనే చిలుక జాతి పిట్ట, గిన్నెలోంచి పొద్దుతిరుగుడు గింజలే ఏరుకుని, తక్కినవి కిందికి విసిరేస్తోంది. దానికి ఇష్టమైనవే పెడితే తప్పేంటి తాతా అనేగా మీ ప్రశ్న?

మొన్నటి పెళ్లి భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తట్లో అన్నం, పప్పు, కూర, పచ్చడి అన్నీ ఉండగా చిన్నూ బూరెలు మాత్రమే తిని లేచాడు. ఒక పూటకు ఏం కాదు. రోజూ అదే అయితే? పొద్దుతిరుగుడు గింజ చిట్టికి బూరె. కొవ్వు బాగా ఎక్కువ, కాల్షియం తక్కువ, విటమిన్ ఎ దాదాపు లేనట్టే. పంజరంలో కూర్చునే పిట్టకు ఆ కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది. విటమిన్ ఎ చాలకపోతే ముక్కు, గొంతు లోపలి పొరలు పాడై జబ్బులు తొందరగా పట్టుకుంటాయి.

మరి దాని విస్తట్లో అన్నమేది? పక్షుల కోసమే చేసే పెల్లెట్లు, అంటే గుళికల్లాంటి మేత, సుమారు సగం. కొర్రలు, జొన్నలు పప్పు అనుకోండి. కూరంటే మునగాకు, మెంతికూర, క్యారెట్, గుమ్మడి. ఎర్రగడ్డ రైతుబజార్‌లో తాజాగా దొరుకుతాయి, మందుల వాసన పోయేలా బాగా కడిగి సన్నగా తరగాలి. చివర్లో చిన్న పండు ముక్క. ఆపిల్ అయితే గింజలు తీసేయాలి. బూరెలు నాలుగే, అవీ పిలవగానే చేతి మీదకు వచ్చినందుకు. మన విస్తట్లో ముందు వడ్డించేది ఉప్పు, చిట్టి విస్తట్లో ఆ మూల ఖాళీగా ఉండాలి. మీ నాన్న ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి పెడుతున్నాడట. తాత వద్దన్నాడని చెప్పండి. చాయ్, కాఫీ, చాక్లెట్, ఉల్లిపాయ పిట్టలకు పడవు. అవకాడో అయితే ప్రాణమే తీస్తుంది.

మా పాలమూరులో చిన్నప్పుడు జొన్నచేలో నన్ను మంచె ఎక్కించి, చేతికి ఒడిసెల ఇచ్చేవారు. రామచిలుకల గుంపు దిగిందంటే కంకులు ఖాళీ. నేను రాయి విసిరిందాని కన్నా వాటిని చూసిందే ఎక్కువ. అవి జొన్నలతో ఆగేవి కావు. కాసేపు తిని జామచెట్టు మీదకు, మోదుగ పూస్తే ఆ పూల మీదకు, వేపపండ్లు రాలే రోజుల్లో వేప కొమ్మల్లోకి. ఎన్ని రుచులు, ఎంత ఎగురుడు! చిట్టికి ఆ తిరుగుడు లేదు కాబట్టి చేనూ చెట్టూ మనమే గిన్నెలోకి తేవాలి. పిట్టను ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు ఆ మాత్రం శ్రమ తప్పదు. అన్నట్టు, రామచిలుకను ఎవరు అమ్మజూపినా కొనొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం. మన చిట్టి వంశం ఆస్ట్రేలియాది.

గింజలు ఒక్కరోజులో మానిపించకండి. కొత్తది తిండే అని తెలియక పిట్ట పస్తులుంటుంది. వారాల తరబడి మెల్లగా మార్చాలి. ఈ ఎండల్లో తరిగిన కూర రెండు గంటలు దాటితే తీసేయండి.

ఇక తమాషా ఒకటి. ఎర్ర మిరపకాయ చీల్చి పెట్టండి. విటమిన్ ఎ కోసం అది మంచి సరుకు. మన నోరు మండించే కారం పక్షులకు అసలు తగలదు! మనలా పళ్లున్న జంతువులు మిరపగింజల్ని నమిలేస్తాయి. చాలా పిట్టలు మాత్రం మింగి, ఎక్కడో దూరాన రెట్టలో వేస్తాయి, అవి అక్కడ మొలుస్తాయి. (చిలకలు కొరికేస్తాయనుకోండి, వాటి సంగతి వేరు.) ఎవరిని తరమాలో, ఎవరిని పిలవాలో ఆ మొక్కకు ఎలా కుదిరిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. మిరపకాయ చీల్చిన చేత్తో కళ్లు నలుపుకోకండి.

ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కుకు వెళ్లండి. చిలకలు ఏ చెట్టు మీద వాలాయి, ఏం తిన్నాయి, కాయను ఏ కాలితో పట్టుకున్నాయి, ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ ఆదివారం వెళ్లండి.

మీ తాత